మత్తు గ్యాస్ థియేటర్ దాటి ఐసీయూకొచ్చింది

మాది డిచ్‌పల్లి. అనస్థీషియా టెక్నీషియన్ కోర్సు చేసి పదేండ్ల సంది ఆపరేషన్ థియేటర్లల్ల పనిచేస్తున్న. ఊరికి పోయినప్పుడల్లా ఎవరో ఒకరు ఆపి అడిగే ముచ్చట ఒక్కటే. "తమ్మీ, మావోన్ని వెంటిలేటర్ మీద పెట్టిండ్రు. పిలిస్తే పలుకుతలేడు, కండ్లు తెరుస్తలేడు. నిజంగ పానం ఉన్నదా, లేకుంటే పైసల కోసం నాటకమాడుతున్నరా?"

ఈ అనుమానం ఊరికెనే రాలేదు. 2003ల 'ఠాగూర్' సినిమా వచ్చింది. చచ్చిపోయిన మనిషికి వైద్యం చేస్తున్నట్టు నటించి పైసలు గుంజే దవాఖాన సీన్ అందుల ఉన్నది. అప్పటి సంది ఐసీయూ అద్దం తలుపు బయట నిలబడ్డ ప్రతి ఇంటోళ్ల కండ్ల ముందట గా సీనే తిరుగుతది. బిల్లుల కోసం సతాయించే దవాఖానలు లేవని నేను అనను. ఉన్నయి. గని వెంటిలేటర్ మీద సోయి లేకుంట పండుకున్న మనిషిని చూసి "అయిపోయిండు" అనుకునుడు మాత్రం తప్పు. చాలాసార్లు డాక్టర్లే కావాలని మత్తుల ఉంచుతరు. ఆ మత్తు ఎట్ల ఇస్తరు, ఇప్పుడు అందుల కొత్తగ వస్తున్న గ్యాస్ సంగతేంది, మనం ఏం అడగాలె అన్నది చెప్పనీకె ఇది రాస్తున్న.

ముందుగాల మత్తు ఎందుకో చూద్దాం. వెంటిలేటర్ పెట్టాలంటే నోట్లకెళ్లి ఊపిరి గొట్టంలకు వేలు లావు ప్లాస్టిక్ ట్యూబ్ ఏస్తరు. అన్నం తినేటప్పుడు ఒక్క మెతుకు ఎదురెక్కితేనే మనం దగ్గి దగ్గి సచ్చినంత పనైతది. అసొంటిది అంత పెద్ద ట్యూబ్ రాత్రింబగళ్లు గొంతుల ఉంటే ఎవరు ఊకుంటరు? దగ్గుతరు, చేతులతోని గుంజి పారేస్తరు. మిషిన్ గాలి లోపలికి కొట్టేటప్పుడు మనిషి బయటికి ఊదుతడు. ఇద్దరి మధ్య కొట్లాట అయితది. ఆ కొట్లాటల ఊపిరితిత్తులు ఇంకింత ఖరాబైతయి. అందుకే మత్తు.

ఇప్పటిదాక ఐసీయూలల్ల ఎక్కువగ మత్తు ఎక్కించేది నరం తొవ్వలనే. ప్రొపోఫాల్ అని పాల లెక్క తెల్లగుండే మందు ఒకటి. మిడజోలం ఇంకోటి. నొప్పికి ఫెంటనిల్ తోడు. మంచం పక్కన సిరంజి పంపు పెట్టి గంటకు ఇన్ని ఎంఎల్ అని సెట్ చేస్తరు. మందులు మంచివే, నేను రోజూ చూస్తుంట. తిప్పలు ఏడుందంటే, ఇవి ఒంట్లకెళ్లి పోవాలంటే కాలేయం, కిడ్నీలు పనిచెయ్యాలె. ఐసీయూల ఉన్నోళ్లకు ముందుగాల దెబ్బతినేవి అవే. మిడజోలం రోజుల తరబడి ఎక్కిస్తే కొవ్వులకు చేరి కూసుంటది. కిడ్నీలు పడుకుంటే ఇంక చెప్పేదే లేదు. పంపు బంద్ చేసినంక గూడ ఒక దినం, రెండు దినాలు, ఇంకా ఎక్కువ మనిషి లేవడు. బయట కూసున్న ఇంటోళ్లు మెదడు పోయిందని ఏడుస్తుంటరు. లోపల డాక్టర్‌కు గూడ అది మందు మత్తా, మెదడుకు తగిలిన దెబ్బా అన్నది ఎంటనే తేలదు.

లేవకుంట పండుకునుడు చిన్న నష్టమేం గాదు. 2000 సంవత్సరంల అమెరికాల చికాగో డాక్టర్లు 128 మంది రోగుల మీద ఒక పరీక్ష చేసిండ్రు. ఒక గుంపుకు రోజూ పొద్దున మత్తు మందు బంద్ చేసి లేపి చూసిండ్రు, ఇంకో గుంపును ఎప్పటిలెక్కనే ఉంచిండ్రు. రోజూ లేపినోళ్లు సుమారుగ 5 రోజులకే వెంటిలేటర్ నుంచి బయటపడ్డరు. రెండో గుంపుకు 7 రోజులు దాటింది. రెండు రోజులు అంటే ఐసీయూ బిల్లుల ఎంతనో మీకు నేను చెప్పే పని లేదు. కండలు కరిగిపోవుడు, నిమోనియా పట్టుడు అదనం.

అంటే మనకు కావాల్సింది ఎట్లాంటి మత్తు? ఇయ్యంగనే పడుకోబెట్టాలె, బంద్ చెయ్యంగనే లేవాలె, కాలేయం కిడ్నీల మీద బరువు వెయ్యొద్దు. గిసొంటి మత్తు థియేటర్ల ఎన్నో ఏండ్ల సంది ఉన్నది. అదే గ్యాస్.

గ్యాస్ అంటే సిలిండర్ల వచ్చేదనుకునేరు. ఐసోఫ్లురేన్, సెవోఫ్లురేన్ అని వీటి పేర్లు. సీసల నీళ్ల లెక్కనే ఉంటయి. వేపరైజర్ అనే డబ్బల పోస్తే ఆవిరై, ఆక్సిజన్‌తోని కలిసి ఊపిరితిత్తులకు పోతయి. ఆడికెళ్లి రక్తంలకు, రక్తంలకెళ్లి మెదడుకు. బంద్ చేసినమంటే వచ్చిన తొవ్వలనే తిరిగిపోతయి. ఒక్కొక్క ఊపిరితోని ఇంతింత బయటికి ఎల్లిపోతది. ఐసోఫ్లురేన్‌ల ఒంట్ల అరిగేది నూటికి పావు వంతు గూడ ఉండదు, దగ్గర దగ్గర 0.2 శాతం. సెవోఫ్లురేన్ 2 నుంచి 5 శాతం. మిగిలిందంత ఊపిరితోనే బయటికి. కిడ్నీలు పడుకున్నోళ్లు గూడ జల్దీ లేస్తరు.

ఇంకోటి నాకు మస్తు నచ్చేది. నరంల ఎక్కించిన మందు మెదడుల ఎంతున్నదో చూపే మీటర్ మంచం పక్కన ఉండదు. అందాజ మీద నడవాలె. గ్యాస్ అట్ల కాదు. రోగి బయటికి వదిలిన ఊపిరిల గ్యాస్ ఎంత శాతమున్నదో మానిటర్ మీద ప్రతి ఊపిరికి అంకె కనపడతది. కత్తి పెట్టి కోసినా కదలకుంట ఉండాలంటే ఐసోఫ్లురేన్ ఇంచుమించు 1.2 శాతం కావాలె. ఐసీయూల అంత అక్కరలేదు, దాంట్ల మూడో వంతో సగమో చాలు.

మరి ఇంత మంచిదైతే ఐసీయూకు ముందే ఎందుకు రాలేదు? ఎందుకంటే ఐసీయూ వెంటిలేటర్ థియేటర్ మిషిన్ లెక్క కాదు. థియేటర్ మిషిన్ల రోగి వదిలిన గాలి సోడా లైమ్ అనే సున్నం గుళ్లల్లకెళ్లి పోయి, బొగ్గుపులుసు గాలి పోగొట్టుకొని మళ్లా లోపలికే వస్తది. గ్యాస్ వేస్ట్ కాదు. ఐసీయూ వెంటిలేటర్ మాత్రం వదిలిన గాలిని వదిలినట్టే బయటికి తోలేస్తది. దాంట్ల గ్యాస్ కలిపితే సీసలకు సీసలు రూంలకే పోతయి. నర్సులు గూడ పీల్చాల్సి వస్తది.

దీనికి స్వీడన్‌ల ఒక ఉపాయం కనిపెట్టిండ్రు. గుప్పిట్ల పట్టేంత ప్లాస్టిక్ డబ్బ. పేరు అనకాండా అని పెట్టిండ్రు, పాము లెక్క ఉండదు గని పేరు మాత్రం ఎవరూ మర్చిపోరు. ట్యూబ్‌కు, వెంటిలేటర్ పైపులకు నడుమ దీన్ని పెడతరు. సిరంజి పంపుతోని మందును చుక్క చుక్క దీంట్లకు పంపితే ఆన్నే ఆవిరైతది. లోపల బొగ్గు పొర ఒకటుంటది. రోగి ఊపిరి వదిలినప్పుడు గ్యాస్‌ను ఆ పొర పట్టి ఆపుకుంటది, మళ్లా పీల్చినప్పుడు తిరిగి లోపలికి ఇస్తది. నూటికి 90 వంతుల దాక గిట్లనే తిరిగొస్తది. మిగిలిన జరంత గ్యాస్‌ను వెంటిలేటర్ బయటి మూతికాడ ఇంకో డబ్బ పెట్టి పట్టుకుంటరు. మన దగ్గర ఇది అన్ని ఐసీయూలల్ల రోజూ వాడే సామాను కాదు. యూరప్‌ల ఎక్కువ.

2020ల కరోనా వచ్చి ప్రపంచమంత ఐసీయూలు నిండినప్పుడు ప్రొపోఫాల్, మిడజోలంకు కొరత పడ్డది. అప్పుడు చానా దేశాల డాక్టర్లు థియేటర్ల దిక్కు చూసిండ్రు. ఆపరేషన్లు ఎట్లాగూ బంద్, మిషిన్లు ఖాళీగున్నయి, గ్యాస్ సీసలు ఉన్నయి. 2021ల జర్మనీ, స్లొవేనియా దేశాల్ల 301 మంది మీద చేసిన పరీక్ష ఫలితం బయటికొచ్చింది. రెండు రోజుల వరకు ఐసోఫ్లురేన్‌తోని ఉంచిన మత్తు, ప్రొపోఫాల్ మత్తుకు ఏం తక్కువ లేదని తేలింది. నొప్పి మందు గూడ తక్కువ పట్టింది. అదే ఏడాది యూరప్‌ల ఐసీయూ మత్తు కోసం ఐసోఫ్లురేన్‌కు అనుమతి దొరికింది. ఇగ చూడుండ్రి, అందరికీ ఉషారు. ఊపిరితిత్తుల వాపు గూడ తగ్గిస్తది, పానాలు కాపాడతది అని చెప్పుడు షురువైంది. జంతువుల మీద చేసిన పరీక్షలల్ల అట్ల కనపడ్డది నిజమే.

ఈ ఉషారు చూస్తే నాకు మన హైదరాబాదే యాదికొస్తది. మత్తు గ్యాస్ మీద ప్రపంచమంత మాట్లాడుకున్న పంచాయితి ఒకటి ఈడనే అయ్యింది. 1847ల స్కాట్లాండ్‌ల క్లోరోఫాం వాడుడు మొదలైంది. మూడు నెలలు తిరగకముందే, 1848 జనవరిల, ఇంగ్లండ్‌ల హన్నా గ్రీనర్ అనే 15 ఏండ్ల పిల్ల కాలి గోరు తీయించుకోనీకె పోయి క్లోరోఫాం పీల్చి సచ్చిపోయింది. అప్పటి సంది ఒకటే కొట్లాట. క్లోరోఫాం ముందుగాల ఊపిరి ఆపుతదా, గుండె ఆపుతదా? హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్‌గ ఎడ్వర్డ్ లారీ అనే డాక్టర్ ఉండే. అఫ్జల్‌గంజ్ దవాఖానల వేల మందికి క్లోరోఫాం ఇప్పించినోడు. ఊపిరి మీద కన్నేసి ఉంచితే సాలు, నాడి చూసే పనే లేదు అని ఆయన పట్టు. దీన్ని తేల్చనీకె ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పైసలు పెట్టి 1888ల హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ వేయించిండు. లండన్ 'లాన్సెట్' పత్రిక ఒప్పుకోలేదు. మీ మనిషినే పంపుండ్రి, ఖర్చు మాది అని నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చిండు. లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టర్ ఓడెక్కి వచ్చిండు. 1889ల రెండో కమిషన్ కూసుంది. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు కలిపి నాలుగు వందలకు పైన జంతువుల మీద పరీక్షలు. లారీ చెప్పిందే కరెక్ట్, ముందుగాల ఆగేది ఊపిరే అని తేల్చిండ్రు.

ఆ తప్పు బయటపడనీకె 20 ఏండ్లు పట్టింది. 1911ల లేవీ అనే డాక్టర్ పిల్లుల మీద పరీక్ష చేసి, తక్కువ క్లోరోఫాం ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఒక్కసారిగ ఆగిపోవచ్చని చూపిండు. అన్ని వందల జంతువులు, అంత పైసా, అంత పేరు, అయినా రోగి పక్కన నాడి పట్టాల్సిన చెయ్యి అవసరం లేదని చెప్పిండ్రు. లారీ దగ్గర మంచి పని గూడ జరిగింది, అది దాచొద్దు. ఆయన నడిపిన హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లనే రూపాబాయి ఫర్దూంజీ చదివి 1889ల పాసై, క్లోరోఫాం ఇచ్చుడే తన పనిగ పెట్టుకున్నది. ప్రపంచంల మొదటి మత్తు డాక్టరమ్మ అని ఆమెను చెప్పుకుంటరు. మన పిల్లలు ఎంతమందికి ఆమె పేరు తెలుసు?

ఇగ మళ్లా ఇప్పటికొద్దాం. 2025ల ఫ్రాన్స్ నుంచి ఒక ఫలితం వచ్చింది. ఊపిరితిత్తులు నీరు పట్టి గట్టిపడే జబ్బు, ఏఆర్‌డీఎస్ అంటరు, కరోనాల అందరం ఇన్న మాటే. ఆ జబ్బుతోని వెంటిలేటర్ మీదున్న 687 మందిని తీసుకొని సగం మందికి సెవోఫ్లురేన్, సగం మందికి ప్రొపోఫాల్ ఇచ్చిండ్రు. గ్యాస్ గెలుస్తదనే అందరి ఆశ. ఉల్టా అయ్యింది. 90 రోజుల నాటికి ప్రొపోఫాల్ గుంపుల నూటికి 56 మంది బతికిండ్రు, గ్యాస్ గుంపుల 47 మందే. జంతువులల్ల కనపడ్డ మేలు మనుషుల కనపడలే. నా లెక్కల ఇది చిన్న తేడా కాదు. ఈ జబ్బుకు ఎవరన్న సెవోఫ్లురేన్ కొత్త వైద్యమని గొప్పగ చెప్తే ఆగి అడగాల్సిందే.

అట్లని గ్యాస్‌ను మొత్తానికే తీసి పారేద్దామా? కాదు. అది బాగ పనికొచ్చే జాగ ఒకటున్నది, మన దిక్కు అదే ముఖ్యం. అదే దమ్ము. ఉబ్బసం అని పుస్తకాలల్ల రాస్తరు. ఆర్మూర్ దిక్కు పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసి, డ్రమ్ముల ఏసి పాలిష్ పట్టే రోజులల్ల ఎంత దుమ్ము లేస్తదో మీకెరుకే. దమ్ము ఉన్నోళ్లకు ఏ దుమ్మైనా గండమే. దమ్ము ముదిరితే ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతయి. గాలి లోపలికి పోతది గని బయటికి రాదు. పంపు కొట్టినా, నెబ్యులైజర్ పెట్టినా, స్టెరాయిడ్, మెగ్నీషియం ఎక్కించినా ఇనకపోతే వెంటిలేటర్. ఆడ గూడ ఇనకపోతే? ఈ గ్యాస్‌లు మత్తు ఇచ్చుడే కాదు, బిగుసుకున్న గొట్టాలను వదులు చేస్తయి. అందుకే డాక్టర్లు ఆఖరు ఆసరగ వీటిని వాడుతరు. అనకాండా లేని కాడ థియేటర్ మిషిన్నే ఐసీయూకు తోలుకొస్తరు.

నేను ఒకసారి అట్ల మిషిన్ తోసుకొని పోయిన. పాతికేండ్లు గూడ నిండని పోరడు. వెంటిలేటర్ ఎంత ఒత్తిడి పెట్టినా ఛాతి లేస్తలేదు, అలారం ఆగుతలేదు. ఐసోఫ్లురేన్ తిప్పినంక గంటన్నరల మానిటర్ మీద ఒత్తిడి అంకె దిగుకుంట వచ్చింది. ఊపిరి వదిలే గీత కొండ వాలు లెక్క ఉన్నది మెల్లగ మట్టం పట్టింది. డాక్టరమ్మ రాత్రంత బీపీ చూసుకుంట ఆన్నే కూసున్నది. మూడో దినం ట్యూబ్ తీసిండ్రు. ఒక్కన్ని చూసి అందరికీ ఇట్లనే అయితదని చెప్పలేం. ఎందరికో కావాల్సింది అంతదాక రాకుంట పంపు రోజూ సక్కగ కొట్టుకునుడే. మంచిగైందని పంపు బంద్ చేసే పోరగాండ్లు మన ఊర్లల్ల తక్కువేం లేరు.

ఆగని ఫిట్స్‌కు గూడ అన్ని మందులు అయిపోయినంక ఐసోఫ్లురేన్ వాడుతరు. ఫిట్స్ ఆగుతయి, గని గ్యాస్ బంద్ చేస్తే మళ్లా రావచ్చు. అసలు కారణం దొరికేదాక టైం కొనుక్కునుడే అది. ఇంకో మాట. పురుగుల మందు తాగి వెంటిలేటర్ మీదికి వచ్చేటోళ్లు మన జిల్లాల ఎక్కువ. ఈ గ్యాస్ ఆ విషానికి ఇరుగుడు కాదు.

నష్టాలు గూడ చెప్పాలె కదా. బీపీ పడిపోతది. తలకు దెబ్బ తగిలి మెదడుల ఒత్తిడి పెరిగినోళ్లకు గ్యాస్‌తోని ఆ ఒత్తిడి ఇంకింత పెరగొచ్చు. సెవోఫ్లురేన్ రోజుల తరబడి ఇస్తే కొందరికి మూత్రం ధారలు కట్టి పోయి ఒంట్ల నీళ్లు, ఉప్పు లెక్క తప్పుతది. మిగిలిన గ్యాస్‌ను పట్టే ఏర్పాటు లేకుంటే నర్సులకు తలనొప్పి, మత్తు. అందుకే ఐసీయూల గ్యాస్ ఇస్తున్నమంటే అడగండ్రి. నరం మందు ఉండంగ గ్యాస్ ఎందుకు పెడుతున్నరు? ఊపిరిల గ్యాస్ శాతం చూపే మీటర్ ఉన్నదా? మిగిలిన గ్యాస్ ఎటు పోతది? ఇది నడిపే అలవాటున్న డాక్టర్ రాత్రి గూడ ఉంటరా? గ్యాస్ కాకున్నా సరే, మత్తు మందు ఏం నడుస్తుంది, ఇయ్యాల లేపి చూసిండ్రా అని రోజూ అడగొచ్చు. పీనుగుకు మత్తు అక్కరలేదు. సోయిల లేనోనికి, సచ్చినోనికి తేడా ఏందో మానిటర్ దగ్గరికి తీసుకపోయి చూపియ్యమనుండ్రి. నాడి, బీపీ, కండ్ల పాప వెలుగుకు కదులుడు, మత్తు తగ్గించినప్పుడు చెయ్యి పట్టుమంటే పట్టుడు. ఇవన్ని చూపించొచ్చు, చూపించాలె.

మీరు అడిగేటియే కాదు, వాళ్లు అడగకున్నా మీరు చెప్పాల్సింది ఒకటున్నది. కొన్ని ఇండ్లల్ల నెత్తురుల వచ్చే ఒక లోపం ఉంటది. ఈ గ్యాస్ తగిలిందంటే కండలన్ని కట్టెలోలె బిగుసుకొని, ఒళ్లు మంట లెక్క కాలి, గంటలల్లనే పానం పోవచ్చు. దానికి డాంట్రోలీన్ అనే ఒక్క మందే ఇరుగుడు, అది మన దిక్కు జల్దీ దొరకదు. ముందు తెలిస్తే గ్యాస్ జోలికే పోరు, నరం మందుతోనే నడిపిస్తరు. కాబట్టి మీ తాతనో, చిన్నాయినో, మేనత్తనో ఎవరన్న ఆపరేషన్ బల్ల మీద మత్తు ఇచ్చినంక ఒళ్లు కాలి పోయిండ్రా అని ఇంట్ల పెద్దోళ్లను ఒకసారి అడిగి పెట్టుకోండ్రి. అట్లాంటిది ఉంటే దవాఖానకు పోయిన మొదటి గంటల్నే చెప్పి, కేస్ షీట్ మీద రాయించుండ్రి.